పెట్టె పట్టిన చప్పట్లు

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక స్నేహ మా ఇంటికి వచ్చింది. స్నేహ మా సంఘంలో కీబోర్డు వాయించే అమ్మాయి, గుణదలలో మా వీధి చివరే ఉంటుంది. చెప్పులు విడుస్తూనే "ఆంటీ, మీకొకటి చూపిస్తా, ముందు కళ్ళు మూసుకోండి" అంది. కళ్ళు మూసుకోమంటే నాకు ప్రార్థనే అలవాటు. అందుకని తల కూడా వంచాను. "అయ్యో, ప్రార్థన కాదాంటీ!" అని పకపకా నవ్వింది. కళ్ళు తెరిచేసరికి ఆమె ల్యాప్‌టాప్ నిండా నీలం తెర, ఆ తెరకు అడ్డంగా ఒక తెల్లటి గీత, గీత మీద చిన్న చిన్న కొండలూ లోయలూ. పదిహేడేళ్ళ వయసులో భవానీపురంలో మా మామయ్య ఇంట్లో, టీవీ మీద రోజూ చూసిన తెర అది. "ఆ పాత కంప్యూటర్లు ఇప్పుడెక్కడున్నాయమ్మా?" అన్నాను. "కంప్యూటర్ లేదాంటీ. దాని వేషం కట్టే ప్రోగ్రాం ఉంది. ఎక్కడెక్కడో కూర్చున్న పిచ్చోళ్ళు కొందరు రాసి, ఊరికే పంచిపెడుతున్నారు" అంది. ఆ పిచ్చివాళ్ళను ప్రభువు దీవించుగాక. నేను అప్పటికే మీటల మీద చేతులు పెట్టేశాను. నా వేళ్ళకు అన్నీ గుర్తున్నాయి. చప్పుడును పట్టే మీట ఏదో, కోసే మీట ఏదో, నా కంటే ముందు అవే వెతుక్కుని వెళ్ళాయి. పొయ్యి మీద పులుసు మాడిపోతున్న వాసన వచ్చేదాకా ఇద్దరం ఈ లోకంలో లేము. స్నేహ వెళ్ళిపోయాక కూడా ఆ ఉత్సాహం తగ్గలేదు. అరవైకి దగ్గరపడిన మనిషిని, మళ్ళీ ఆ ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నట్టే ఉంది.

మా సొంతూరు దివిసీమలో. కాలేజీ చదువు కోసం నన్ను బెజవాడలో మామయ్య దగ్గర ఉంచారు. మా అమ్మ తమ్ముడాయన, పేరు ఆశీర్వాదం. ముందు గదిలో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాడు, వెనక రెండు గదుల్లో ఆయన, అమ్మమ్మ, నేను ఉండేవాళ్ళం. ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. సీసం కరిగించేటప్పుడు వచ్చే గుగ్గిలం పొగ, అమ్మమ్మ కాచే చేపల పులుసు, తడిసిన కృష్ణ ఒడ్డు బురద, ఇవన్నీ కలిసిన వాసన. అది వస్తేనే నాకు ఇల్లు చేరినట్టు. మామయ్య దగ్గరికి ఆ కంప్యూటర్ వచ్చిన తీరు కూడా విచిత్రమే. ఓడలో పనిచేసే మా సంఘస్తుడొకాయన సింగపూరులో ఏదో పాతసామాన్ల కొట్లో చూసి, "ఆశీర్వాదానికి ఇలాంటివంటే ఇష్టం" అని తెచ్చి ఇచ్చాడు. చూడటానికి టైపు మిషను మీటల పలకలాగే ఉంటుంది, కంప్యూటరంతా అందులోనే. దాన్ని టీవీకి తగిలించాలి. ప్రోగ్రాములు క్యాసెట్ల మీద వచ్చేవి. టేపురికార్డర్‌లో క్యాసెట్ పెట్టి మీట నొక్కితే, ఆ ప్రోగ్రాం లోపలికి ఎక్కేదాకా కీచుకీచుమని ఒకటే గోల. అమ్మమ్మ చెవులు మూసుకుని "దాంట్లో దయ్యముందిరా, ముందు దాన్ని వెళ్ళగొట్టు" అనేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. బెజవాడ కరెంటు సంగతి చెప్పనక్కరలేదు. ఓర్పు అంటే ఏమిటో నాకు సండే స్కూలు సగం నేర్పితే, ఆ క్యాసెట్లు మిగతా సగం నేర్పాయి.

ఆ ప్రోగ్రాములలో రెండు రకాలుండేవి. ఒకటి చప్పుడును కొత్తగా పుట్టించేది. చప్పుడు ఎంత వేగంగా లేవాలి, లేచాక ఎంత తగ్గాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా ఆరిపోవాలి, ఈ నాలుగింటికీ నాలుగు అంకెలు ఇస్తే అది పలుకుతుంది. నేను హార్మోనియం చేద్దామని అంకెలు కొడితే దోమ పుట్టింది. దోమను కాస్త లావు చేస్తే రైలు కూత పుట్టింది. ఆ ఆనందం ఎలా చెప్పను! లేనిది ఉన్నట్టు పలకడం ఒక్క దేవునికే చెల్లుతుందని నేర్చుకున్న పిల్లను. మీట నొక్కినప్పుడల్లా కొంచెం భయం, అంతకు పదింతలు సంబరం. రెండో రకం ప్రోగ్రాం చప్పుడును పుట్టించదు, పడుతుంది. కంప్యూటర్ వెనక ఒక చిన్న పెట్టె గుచ్చి, దానికి మైకు తగిలిస్తే, బయటి లోకంలోని చప్పుడును ఒక సెకను, మహా అయితే ఇంకొంచెం, లోపలికి లాక్కుంటుంది. ఆ తర్వాత అది నీ ఇష్టం. మీటల మీద పరిచి పైకి వాయించుకోవచ్చు, కిందకు వాయించుకోవచ్చు. కింది మీట నొక్కితే అదే చప్పుడు నిదానిస్తుంది, లావెక్కుతుంది. మా అమ్మమ్మ దగ్గును పట్టి కింది మీట మీద వినిపిస్తే సింహం గర్జించినట్టుంది. "నాదేనా!" అని ఆమే మురిసిపోయి రెండుసార్లు వేయించుకుంది.

అమ్మమ్మ పొద్దున ప్రార్థన చాలా పెద్దది. ముందు ఇంట్లోవాళ్ళు, తర్వాత బంధువులు, తర్వాత సంఘం, తర్వాత దేశం, ఆ పైన రేడియోలో ముందురోజు విన్న వరదలూ భూకంపాలూ. సరిగ్గా ఆ సమయానికే రత్నం చేపల గంప దించేది. రత్నం కృష్ణ ఒడ్డున వలేసుకుని బతికేవాళ్ళ ఇంటి కోడలు. భర్త పోలయ్య తెల్లవారకముందే పడవ తీసేవాడు. ఆయన పట్టినవి ఆమె గంపకెత్తుకుని భవానీపురం వీధుల్లో అమ్మేది. ప్రార్థన అయ్యేదాకా బేరం కుదరదు కాబట్టి గడప మీద కూర్చునేది. మొదట్లో విసుక్కునేది. "అమ్మగారండీ, మీ దేవుడు కాస్త తొందరగా ఇంటే బాగుండండీ, చేపలు మెత్తబడతన్నయ్" అనేది. అమ్మమ్మ కళ్ళు తెరవకుండానే "నీ చేపల కోసం కూడా చేస్తున్నా, ఉండవే" అనేది. అలా వింటూ వింటూ ఒకరోజు తనే అడిగింది, "మా ఆయన పడవ కోసం కూడా ఒక ముక్క చెప్పండమ్మగారూ" అని. ఆర్నెల్లు తిరిగేసరికి ఆదివారం కూటానికి వచ్చి ఆడవాళ్ళ వైపు చివర చాప మీద కూర్చోవడం మొదలుపెట్టింది. చదువు రాదు. కానీ ఒక్కసారి వింటే పాట మొత్తం వచ్చేసేది. ఆమె చప్పట్లు కొడితే హాలు చివరి నుంచి మొదటి వరుసదాకా వినిపించేవి.

మా సంఘంలో ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు. గాజులు సహా. తెల్లచీర, మోచేతుల కిందిదాకా చేతుల జాకెట్టు, నెత్తిన ముసుగు. అది ఎవరో బలవంతంగా రుద్దిన నియమమని ఇప్పటి పిల్లలు అనుకుంటారు, కానీ మాకు అలా అనిపించలేదు. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే చాప మీద ఒకేలా కనిపించడంలో ఒక గొప్ప హాయి ఉండేది. మా సంఘపెద్ద గిద్యోనుగారు తంతి ఆఫీసులో పనిచేసి రిటైరయినాయన. టకటకల్లోంచి మాటలు ఏరుకుని బతికిన చెవి ఆయనది. పాటలో ఎవరు శ్రుతి తప్పినా తల తిప్పకుండానే పేరు చెప్పేవారు. బాప్తిస్మం అడిగినవాళ్ళను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడేవారు. రత్నం అడిగినప్పుడు కూడా అలాగే మాట్లాడారు. గాజులు తీసేశానని ఆమె చెప్పింది. ఏటా జరిగే మా మహాసభల చివరిరోజు కృష్ణలో ఆమెకు బాప్తిస్మం ఇవ్వాలని నిర్ణయమైంది. ఆ వారమంతా రత్నం చేపల తూకంలో ఒక్కటి ఎక్కువే వేసేది.

మహాసభలకు నెల ముందు మా డోలక్ వాయించే అతనికి నాగపూరులో రైల్వే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. పందిట్లో వేలమంది మధ్య హార్మోనియం ఒక్కటే అయితే చప్పబడిపోతుంది. మామయ్యకు అంతకంటే మంచి అవకాశం దొరుకుతుందా! కంప్యూటర్‌ను రిక్షాలో పెట్టుకుని, టీవీని నా ఒళ్ళో పెట్టుకుని గిద్యోనుగారి ఇంటికి తీసుకెళ్ళాం. నేను అంకెలతో పుట్టించిన డోలక్ వినిపించాను. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టుంది, నిజం చెప్పాలంటే. గిద్యోనుగారు శ్రద్ధగా విని, "ఆశీర్వాదం, ఇది సినిమాహాలు బయట వినిపించే చప్పుడులా ఉందయ్యా" అన్నారు. మామయ్య మొహం వాడిపోయింది. అంతలో గిద్యోనుగారే, "ఈ పెట్టె బయటి చప్పుడును పడుతుందన్నావు కదా. అయితే మన సంఘం చప్పట్లు పట్టు. మనవి అయితే పందిట్లో పెట్టుకోవచ్చు. ఇంకెవరివీ వద్దు" అన్నారు. ఇంటికి వచ్చే దారంతా మామయ్య రిక్షాలో నిలబడే పాడాడు.

ఆ ఆదివారం కూటం అయ్యాక ఎవర్నీ కదలనివ్వలేదు. ఫ్యాన్ల చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాన్లు ఆపేశాం. లారీల హారన్లని కిటికీలు మూసేశాం. బెజవాడ ఎండల్లో అది చిన్న త్యాగం కాదు. గిద్యోనుగారు చెయ్యెత్తి ఒకటి, రెండు, మూడు అనగానే అందరూ ఒకే ఒక్క చప్పట కొట్టాలి. కొట్టారు. కొట్టి, అలవాటుగా అందరూ కలిసి "హల్లెలూయ" అన్నారు. పెట్టె నిండా హల్లెలూయ పడింది. మామయ్య చేతులు జోడించి, "చప్పట ఒక్కటే చాలండీ. హల్లెలూయ వద్దు" అన్నాడు. ముందు చాప మీది ముసలాయన లేచి, "సంఘంలో నిలబడి హల్లెలూయ వద్దంటావేందయ్యా, మతిపోయిందా?" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వు కూడా పెట్టెలో పడింది. అయిదోసారికి, చెమటలు కారుతున్న నూటయాభై జతల చేతులు ఒక్కసారిగా మోగాయి, తర్వాత నిశ్శబ్దం. దొరికింది! ఫ్యాన్లు వేయకముందే, కరెంటు పోకముందే, దాన్ని క్యాసెట్టు మీదకు ఎక్కించేశాను.

మర్నాడు మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని దాన్ని తీర్చడం మొదలుపెట్టాను. చప్పట తెర మీద నిటారైన కొండలా ఉంటుంది. అయితే కొండ దిగాక గీత తిన్నగా పడుకోలేదు. సన్నటి ముళ్ళు, చేప వెన్నులాంటివి, వరసగా నిలబడి ఉన్నాయి. మామూలు మీట మీద వింటే ఏమీ తెలియదు, చప్పటకు ఏదో మెరుపు ఉందనిపిస్తుంది, అంతే. కింది మీట నొక్కాను. చప్పట ఉరుములా దొర్లిపోయింది, దాని వెనక నిదానంగా, స్పష్టంగా, ఘల్లుమని గాజులు. మామయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఇదేంటే? మన సంఘంలో గాజులెక్కడివి?" "తెలీదు మామయ్యా." "కోసెయ్ అయితే." ముళ్ళు మొదలయ్యే చోట గీత పెట్టి కోసేశాను. విన్నాం. చెక్కా చెక్కా కొట్టుకున్నట్టుంది. ప్రాణం పోయింది. మళ్ళీ అతికించాను, ప్రాణం వచ్చింది. మామయ్య తల గోక్కుని, "ఎవరివైతే మనకెందుకులే. మామూలు మీట మీద ఎవరికి వినపడుతుంది? ఉంచెయ్" అన్నాడు. ఉంచేశాను. కానీ అవి ఎవరివో నాకు తెలిసిపోయింది. ఆ చప్పట్లలో అంత గట్టిగా ముంజేయి ఊపి కొట్టేది ఒక్కరే.

తెల్లవారి అమ్మమ్మ దేశం కోసం ప్రార్థిస్తుండగా నేను గడప మీద రత్నం పక్కన కూర్చున్నాను. "రత్నం, నీ చెయ్యి చూపించు" అన్నాను మెల్లగా. ఆమె చెయ్యి చీర కొంగులోకి లాక్కుంది. "ఎందుకండీ పాపగారూ?"

"మొన్న చప్పట్లలో గాజులు మోగాయి."

ఆమె మొహం తెల్లబడింది. "మీకెట్టా ఇనపడిందండీ? పైకి నెట్టి గుడ్డ చుట్టానే!"

"పెట్టె పట్టింది."

"అది పెట్టె కాదండీ, పోలీసు" అంది. చేపల మీద ఈగల్ని తోలింది. "మా ఆయన మంచోడేనండీ. నీ దేవుడి కాడికి ఎల్లు, పాటలు పాడుకో, నేనేమీ అనను అంటాడు. గాజులు మాత్రం తియ్యమాక అంటాడు. నేను నీళ్ళ మీద ఉండగా నీ చేతులు బోసిగా ఉంటే నాకు వల వెయ్యబుద్ధి కాదు అంటాడు. మావోళ్ళల్లో గాజులు తీసేది ఎప్పుడో మీకు తెలుసు గదండీ."

"మరి గిద్యోనుగారితో తీసేశానని చెప్పావుగా?"

"చెప్పకపోతే ముంచరుగా పాపగారూ" అంది, చిన్నపిల్లలా. లోపల అమ్మమ్మ "ఆమేన్" అంది. రత్నం కళ్ళు తుడుచుకుని "ఆమేన్" అని గంప మీది గోనె తీసింది. ఆ క్షణం నుంచి ఆ రహస్యంలో నాకూ సగం వాటా.

మహాసభలంటే మాకు పండుగలన్నీ కలిపినంత. కొబ్బరాకుల పందిరి, నేలంతా వరిగడ్డి, గాడిపొయ్యిల మీద గుండిగల్లో సాంబారు, లంకల నుంచి, కైకలూరు వైపు నుంచి లారీల్లో దిగే జనం. స్తంభాలకు కట్టిన పెద్ద స్పీకర్లలోంచి మా సంఘం చప్పట్లు మొదటిసారి వినిపించినప్పుడు నాకు ఒళ్ళంతా పులకరించింది. నూటయాభైమంది చేతులు నా ఒక్క వేలి కింద! వేదిక పక్క బల్ల మీద కంప్యూటర్, టీవీ పెట్టుకుని కూర్చున్నాను, మామయ్య హార్మోనియం. మొదటిరోజు దేవుని కృప వల్ల అంతా చక్కగా జరిగింది. రెండోరోజు పొద్దున పెద్ద కీర్తన ఎత్తుకున్నారు. నాలుగో చరణానికి ముసలివాళ్ళ గొంతులు అందడం లేదని గిద్యోనుగారు అరచెయ్యి కిందకు అదిమి సైగ చేశారు. మా సంఘంలో అది పాత అలవాటు. ఆ సైగ చూస్తే హార్మోనియం మీద ఉన్నవాళ్ళు శ్రుతి తగ్గించాలి. చిన్నప్పటి నుంచి హార్మోనియం వాయించినదాన్ని, ఆ చెయ్యి చూడగానే నా వేలు ఆలోచించకుండా తగ్గించే మీట మీదకు వెళ్ళింది. ఆ ప్రోగ్రాంలో తగ్గించడమంటే ఒక మెట్టు కాదు, ఏకంగా ఒక స్థాయి కింద. పందిరి మొత్తం మీద ఉరుము దొర్లింది. దాని వెనక, స్తంభానికొక స్పీకరు చొప్పున, ఘల్లుమని గాజులు.

గిద్యోనుగారు పాడటం ఆపేశారు. చరణం ఎలాగో పూర్తయింది. ఆడవాళ్ళ వైపు ముసుగుల కింద నుంచి ఒకరి చేతులు ఒకరు చూసుకోవడం నాకు కనిపిస్తోంది. కూటం అయ్యాక ఆయన నన్నూ మామయ్యనూ వంటశాల వెనకకు పిలిచారు. మామయ్య ఏదో చెప్పబోతే "నువ్వు కాదు, అమ్మాయిని చెప్పనీ" అన్నారు. "కృపా, ఆ చప్పుడు ఆ పెట్టె సొంతంగా పుట్టించిందా, మన సంఘంలోంచి వచ్చిందా?" ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టమైంది. అవతల విస్తళ్ళు పరుస్తున్న రత్నం ఒంగినది ఒంగినట్టే ఉండిపోయింది. మర్నాడే ఆమె బాప్తిస్మం. పది ఆజ్ఞలు నేను వరసగా, వెనక నుంచి ముందుకు కూడా చెప్పగలను. "పెట్టే పుట్టించిందండీ" అన్నాను. "డోలక్ కోసం చేసిన అంకెలు కలిసిపోయినట్టున్నాయి." ఆయన నా కళ్ళలోకి చూసి, "సరే" అన్నారు. అంత సులువుగా నమ్మేసరికి నా మెడ వంగిపోయింది.

మర్నాడు పొద్దున్నే అందరం పాడుకుంటూ రేవుకు నడిచాం. గిద్యోనుగారు నడుములోతు నీళ్ళలో నిలబడ్డారు. కాస్త ఎడంగా పోలయ్య పడవ ఆపుకుని, గడకర్ర మీద గడ్డం ఆన్చి చూస్తున్నాడు. పెళ్ళాం ఎలా మునుగుతుందో చూద్దామని వచ్చినట్టున్నాడు. ముగ్గురయ్యారు, రత్నం వంతు వచ్చింది. తెల్లచీరతో నీళ్ళలోకి దిగి, ఆయన చెయ్యి చాచగానే ఆగిపోయింది. "అయ్యగారూ, ముంచకముందు ఒక్క మాట" అంది. కుడివైపు జాకెట్టు చెయ్యి పైకి లాగి, చుట్టిన గుడ్డ విప్పింది. ఆకుపచ్చ మట్టిగాజులు ముంజేతి మీదకు జారాయి. "ఆ చప్పుడు నాదండీ. పాపగారు నా కోసం అబద్ధమాడింది. ఆ పాపం ఆ పిల్ల నెత్తిన పెట్టి నేను మునగలేను. ముంచితే ముంచండి, లేకపోతే గట్టెక్కేత్తా."

ఒడ్డు మీద పాట తెగిపోయింది. గిద్యోనుగారు నెమ్మదిగా అడిగారు. "నాతో తీసేశానన్నావు కదమ్మా?"

"అన్నానండీ. అబద్ధం."

"ఎందుకు?"

ఆమె గడ్డంతో పడవ వైపు చూపించింది. ఇక తప్పదన్నట్టు పోలయ్య గొంతు సవరించుకున్నాడు. "తియ్యమంది తమరండీ. తియ్యొద్దంది నేనండీ. ఇద్దరి మద్దెనా అదేం జేత్తదండీ?"

ఎవరో నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. గిద్యోనుగారు గాజుల వైపు చూశారు. "అలంకారానికి వేసుకున్నావా?"

"చేపలు తోమే చేతికి అలంకారం ఏందయ్యగారూ!"

"అబద్ధానికి పశ్చాత్తాపపడ్డావా?"

"పడ్డానండీ. నిన్న మద్దేనం కాడ్నించి పడతానే ఉన్నా."

"గాజులకు?"

రత్నం ఆలోచించింది. నిజంగా ఆలోచించింది, ఆ మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. "లేదండీ" అంది.

ఒడ్డున ఉన్న పెద్దల్లో ఒకాయన అడ్డంగా తల ఊపాడు. గిద్యోనుగారు కళ్ళు మూసుకున్నారు. అలవాటుగా అందరూ మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను. ఆయన పెదాలు కదలడం చూశాను, నీళ్ళు ఆయన చుట్టూ తిరిగి పోవడం చూశాను. చాలాసేపటికి కళ్ళు తెరిచి "రా అమ్మా" అన్నారు. ఒక చేత్తో ఆమె వీపు పట్టుకుని, రెండో చేత్తో ఆ గాజుల మీదే ముంజేయి పట్టుకుని, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున ముంచారు. ఆమె పైకి లేచేసరికి ఒడ్డంతా చప్పట్లు. ఆమె కూడా, నీళ్ళు కారుతున్న చేతులతో, దాచకుండా కొట్టింది. పడవలో పోలయ్య గడకర్ర వదిలేసి తనూ కొట్టాడు. పడవ కాస్త దూరం కొట్టుకుపోయింది.

గిద్యోనుగారు ఒడ్డెక్కి, తడిబట్టలతోనే నా ముందుకు వచ్చి నిలబడ్డారు. "పెట్టె అబద్ధం చెప్పలేదు కృపా. నువ్వు చెప్పావు" అన్నారు. మూడు నెలలు సంగీతం ముట్టుకోకుండా ఆడవాళ్ళ వైపు చివర చాప మీద కూర్చోమని క్రమశిక్షణ వేశారు. నేను ఒప్పుకున్నాను. ఆయనకూ ఆ రోజు ఊరికే పోలేదు. రెండు కుటుంబాలు సంఘం విడిచి వెళ్ళిపోయాయి. పెద్దల కూటంలో ఆయన చాలా మాటలు పడ్డారని మామయ్య తర్వాత చెప్పాడు. ఆయన ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదట. నీళ్ళలో కళ్ళు మూసుకుని ప్రభువుని ఏమడిగారో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు స్నేహ కీబోర్డులో చప్పట్లే వందల రకాలు. ప్రతిదానికీ ఒక నంబరు. ఆ చేతులు ఎవరివో, ఏ ఊరివో, ఆ వేళ ఫ్యాను ఆపారో లేదో ఎవరికీ తెలియదు. వాటిని నేను తీసిపారెయ్యను. ఆ రోజుల్లో నాకు అవి దొరికి ఉంటే ఆనందంతో పిచ్చెక్కిపోయేది. మా సంఘంలో గాజుల నియమం కూడా మెల్లమెల్లగా, ఎవరూ ప్రకటించకుండానే, జారిపోయింది. మంచిదే అయింది. అయినా ఒక్కటి అనిపిస్తుంది. ఇప్పుడు ఆదివారం పూట ఇన్ని గాజులు మోగుతున్నా, ఒక్క దాని కోసం కూడా ఎవరూ నీళ్ళలో నిలబడి నిజం చెప్పనక్కరలేదు. నేను రత్నం బాప్తిస్మం కాపాడాలని అబద్ధమాడాను. ఆమె నన్ను కాపాడాలని ఆ బాప్తిస్మాన్నే వదులుకోబోయింది. సువార్త నాకు అంతకుముందు కంఠతా వచ్చు. అర్థమైంది ఆ రేవులో.

క్రమశిక్షణలో మొదటి ఆదివారం నేను తల దించుకుని చివర చాప మీద కూర్చున్నాను. రత్నం జరిగి చోటిచ్చింది. పాట మొదలైంది. చిన్నప్పటి నుంచి హార్మోనియం వెనకో, పెట్టె వెనకో ఉన్నదాన్ని, కూటంలో చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. నా చప్పట ఠప్పుమని పలకలేదు. రత్నం పాడుతూనే వంగి నా చెవిలో, "బల్లపరుపుగా పెట్టమాకండి పాపగారూ. నీళ్ళు పట్టుకున్నట్టు గుంట చెయ్యండి" అంది. నా రెండు చేతులూ పట్టుకుని వంచి చూపించింది. నేను గుంట చేసి కొట్టాను. మోగింది.